మాటకెన్ని మెట్లు

ప్రతి ఉదయం ఎనిమిదింటికల్లా బొంగరం చేతిలో కాగితం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది. కాగితం మీద నలభయ్యో యాభయ్యో ఫ్రెంచి క్రియలు. ఒకటి పైకి చదివేది. మెట్లు లేచేవి. లెక్కపెడుతూ ఎక్కేది. పైన నిలబడి, ఎన్నయ్యాయో ఎడమ మణికట్టు మీద పెన్నుతో గీసుకుని, "పో" అని ఒక్క మెట్టులో దిగొచ్చి, రెండోది చదివేది. తొమ్మిదిన్నరయ్యేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా అంకెలే. వాటిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, చెయ్యి కడుక్కోకుండానే పనికి పరిగెత్తేది.

ఆ ఇంటి మెట్ల సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. కింద గోడ కేసి తిరిగి నిలబడి ఏదో ఒక మాట అనాలి. ఆ మాట, అది తెలిసినవాళ్ళ నోట్లో ఎన్ని ముక్కలుగా విరుగుతుందో అన్ని మెట్లు లేస్తాయి. "రా" అంటే ఒకటి. "అమ్మ" అంటే రెండు. అనేవాళ్ళ నోరు తిరక్కపోయినా మెట్ల లెక్క మాత్రం తప్పదు. ఏమీ అనకపోతే సున్నం వేసిన గోడే. ఒక్క మెట్టే లేచినా, ఎక్కితే తిన్నగా పై అంతస్తులో ఉంటారు. అదెలాగని ఎవరూ అడగలేదు. గదుల్లోకి గాలి బాగా వచ్చేది, కుళాయిలో నీళ్ళు ఆగేవి కావు, ఇంకేం కావాలి.

పై వాటాల్లో నాలుగు కుటుంబాలు. మోకాళ్ళ నొప్పుల బామ్మ "ఊఁ" అని ఎక్కేది. కొత్తగా పెళ్ళయిన గుమాస్తా మొదట్లో భార్య పేరు, ఇంటిపేరుతో సహా, తలుచుకుని పదకొండు మెట్లెక్కేవాడు. ఏడాది తిరిగేసరికి "ఏయ్" దగ్గరికి వచ్చాడు. ఒకరి కాలు ఇంకా మెట్టు మీద ఉండగానే మరొకరు మాట అంటే రెండు లెక్కలూ కలిసిపోయేవి. అందుకని ముందువాళ్ళు పూర్తిగా పైకి చేరేదాకా ఆగడం ఆ ఇంటి మర్యాద. కింద వాటాలో ఉండే ఇంటావిడ ఆ మర్యాదకు పోలీసు.

బొంగరం ఆమె అసలు పేరు కాదు. ఒకచోట కూర్చోలేదని పెట్టిన పేరు. అన్నం తింటూ తింటూ లేచి కిటికీ దాకా మూడుసార్లు వెళ్ళొచ్చేది. ఇరవై నాలుగేళ్ళు నిండేలోగా ఏడు పనులు మానేసింది. మందుల షాపు, ఫోటో స్టూడియో, అట్టపెట్టెల కంపెనీ, ఏదీ నాలుగు నెలలు దాటలేదు. ఎందుకు మానేశావంటే ఒకసారి "ఆ గోడ రంగు" అనేది, ఒకసారి "ఆ ఫ్యాను చప్పుడు" అనేది. ఆమెను పెంచింది పిన్ని; ఇద్దరూ ఉండేది ఆ ఇంట్లోనే, కింద పక్క వాటాలో. హోటలు దుప్పట్లు ఇంటికి తెచ్చుకుని ఇస్త్రీ చేసే మనిషి. "దీని పాదాల కింద ఎవరో నిప్పులు పోశారు" అని ఇస్త్రీపెట్టె బల్ల మీద ఠప్పున పెట్టి, "నేనైతే కాదు" అనేది.

ఫ్రెంచి కూడా అలాగే, ఎక్కడో ఒకచోట నిలబడలేక తిరుగుతుంటే దొరికిందే. మందుల షాపులో పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత కాగితాల మూటలో ఒక పుస్తకం. మొదటి నలభై పేజీలు లేవు. ఏ మాట ఎలా పలకాలో చెప్పేవి ఆ నలభై పేజీలేనని ఆమెకు చాలాకాలానికి గానీ తెలియలేదు. ఉన్న పేజీల నిండా క్రియలు, పక్కన ఇంగ్లీషులో అర్థాలు. ఒక్క క్రియకు యాభై రూపాలు. నిన్నకొకటి, రేపటికొకటి, జరిగుంటే బాగుండేదనుకునేదానికొకటి. తన లోపల గిరగిరా తిరిగేదానికి ఇన్నేసి తొడుగులు ముందే కుట్టి పెట్టి ఉన్నాయా అని ఆమె ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. మర్నాడు మందుల షాపు మానేసింది.

చెప్పేవాళ్ళు లేరు. మెట్లే చెప్పాయి. ‘వాళ్ళు మాట్లాడతారు’ అనే మాటకు పుస్తకంలో ఏడు అక్షరాలున్నాయి. కంటికి రెండు ముక్కలుగా కనిపించింది. "పార్లెంట్" అని చదివి రెండు మెట్లకు కాలెత్తింది. లేచింది ఒక్కటే. లేని మెట్టు మీద కాలు వేసి పై గడపకు మూతి కొట్టుకుంది. ముందుపన్ను అంచు విరిగింది. చివరి మూడు అక్షరాలూ నోరు తాకకుండా వదిలేసేవని, ఆ మాట "పార్ల్" అని, ఆమెకు అలా తెలిసింది. ఆ తరవాత పిన్ని రేడియోలో, గరగరల మధ్య, ఆ దేశపు వార్తలు వింటూ ఒక్కో మాటనూ మెట్ల లెక్కకు సరిపెట్టుకుంటూ పోయింది. పిన్ని ఇస్త్రీ చేస్తూ, "అంత ముక్కుతో మాట్లాడుతున్నారు, అందరికీ జలుబేనా?" అనేది.

ఎనిమిదో పని మేష్టారి దగ్గర. మేష్టారు జీవితమంతా ఫ్రెంచి చెప్పి రిటైరైన మనిషి. రెండు గదుల ఆఫీసులో కూర్చుని, నేర్చుకునేవాళ్ళ కోసం క్రియల పుస్తకం రాస్తున్నాడు. ప్రతి రూపానికీ రెండు వరసలు. కింది వరసలో ఆ మాటను అర్థం ప్రకారం విడగొట్టాలి: ధాతువు, కాలం చెప్పే ముక్క, మనిషిని చెప్పే ముక్క. పై వరసలో నోరు ఎలా విరుస్తుందో అలా. ‘మేము ముగిస్తాం’ అనే మాటను అర్థం "ఫిన్-ఇస్-ఓఁ" అని కోస్తే, నోరు "ఫి-ని-సోఁ" అని కోస్తుంది. కోతలు ఎప్పుడూ ఒకచోట పడవు. కింది వరసకు కళ్ళు చాలు, అది మేష్టారే చేసుకునేవాడు. పై వరసకు చెవులు కావాలి. మేష్టారికి రెండేళ్ళ కిందట చెవులు పూర్తిగా పోయాయి.

చెవులతోపాటు మాట కూడా మానేశాడు. ఒకసారి ఆసుపత్రి వరండాలో భార్యతో గుసగుసగానే అన్నాననుకున్నాడు, "ఈ డాక్టరు వాలకం చూస్తే నాకేం నమ్మకం కుదరడం లేదు" అని. వరండా మొత్తం వెనక్కి తిరిగింది. డాక్టరుతో సహా. ఆ రోజు నుంచి ఏదైనా చీటీయే. బల్ల మీద నాలుగంగుళాల కాగితాల కట్ట, దాని మీద బరువుకొక గాజుబిళ్ళ.

పనికి వెళ్ళిన మొదటిరోజు ఆయన చీటీ ఇచ్చాడు: "ఫ్రెంచి ఎక్కడ నేర్చుకున్నావు?" పొట్లాల కాగితాల్లో అని రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. "ఒక పెద్దావిడ దగ్గర, నాలుగేళ్ళు. ఆవిడది ఆ దేశమే" అని రాసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆమె ఊరుకునే రకం కాదు. "ఆవిడకు ఎప్పుడూ దగ్గు" అని కూడా రాసింది. ఇక ప్రతి సోమవారమూ మేష్టారి మొదటి చీటీ అదే. "మీ టీచరమ్మకు దగ్గు తగ్గిందా?" వానాకాలంలో ఎక్కువైందని రాసింది. ఎండాకాలంలో తగ్గిందని రాసింది. మేష్టారు ఒకసారి మిరియాల పొడి పొట్లం కట్టి పంపితే ఇంటికి తీసుకెళ్ళి పిన్ని చేతిలో పెట్టింది.

విచిత్రమేమిటంటే ఈ పని మానలేదు. నాలుగు నెలలు దాటాయి, ఏడాది దాటింది, రెండో ఏడు సగమైంది. కుర్చీలో మాత్రం కూర్చోలేదు. నిలబడి రాసేది, కిటికీ అంచు మీద రాసేది, బీరువాకు కాగితం ఆనించి రాసేది. అయినా ఆ గది గోడ రంగేమిటో అడిగితే చెప్పలేకపోయేది.

పుస్తకం అచ్చుకు సిద్ధమైన సోమవారం, మేష్టారి చీటీ దగ్గు గురించి రాలేదు.

"గురువారం పబ్లిషర్ల తరఫున మేడమ్ వస్తున్నారు. పై వరసకు బాధ్యులెవరో సంతకం పెట్టాలట. చెవిటివాడి సంతకం చెల్లదట. న్యాయమే. మీ టీచరమ్మను తీసుకురా. సంతకం లేకపోతే పుస్తకం ఆగిపోతుంది. డిగ్రీ ఉన్న మరో మనిషిని పెట్టి పై వరసంతా మళ్ళీ చేయిస్తారట."

బొంగరం ఆ చీటీ నాలుగుసార్లు చదివి, ఐదోసారి చదవబోయి, మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఇంటికొచ్చి పిన్నికి చూపించింది.

"అంటే నీ ఉద్యోగం ఊడినట్టేనా?" అంది పిన్ని.

"టీచరమ్మ దొరక్కపోతే."

"ఇంతేగదా. నేనొస్తా. చీర తీసి గౌను తొడుక్కుంటే సరి. దగ్గేగా, దగ్గుతా. ఖళ్ ఖళ్."

"సంతకం?"

"సంతకం దగ్గర ఇంకొంచెం గట్టిగా దగ్గుతా."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వడం అయ్యాక గదిలో ఇస్త్రీ వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

మంగళవారం ప్రూఫులు చివరిసారి చూసుకోవాలి. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి పేజీలు తిప్పుతోంది. నూట పన్నెండో పేజీలో "పార్ల్" దగ్గర వేలు ఆగింది. పై వరసలో రెండు ముక్కలని ఉంది. నాలుక తనంతట తనే వెళ్ళి విరిగిన పన్నును తడిమింది. నోటుపుస్తకం తీసింది. అందులోనూ రెండే. తన చేతిరాతే. తారీఖు చూసింది.

అది గడియారాలాయన ఇల్లు ఖాళీ చేసిన వారం.

పై వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన ఒకడుండేవాడు. గదినిండా గోడ గడియారాలు. వాటిని దించడానికి అయిదు రోజులు పట్టింది. సామాను మోసే నలుగురు మెట్ల దగ్గర "హుఁ" అంటూ ఎక్కడం, "హుఁ" అంటూ దిగడం. ఆ వారం ఆగే మర్యాద ఎవరూ పాటించలేదు, ఆగితే తెల్లారదు. ఒకడు పైకి చేరి కూడా, ఒక కాలు మెట్టు మీదే ఉంచి తాడు బిగించుకుంటూ ఉండేవాడు. "నువ్వు కానీ చెల్లెమ్మా, నేను అడ్డం లేనులే" అనేవాడు. ఆమెకూ తొందరే. తల కాగితంలో పెట్టుకుని మాట చదివి, ఎక్కి, లెక్కపెట్టి, గీసుకుంది. వాడి "హుఁ" తన మాటతో కలిసిపోయిందని చూసుకోలేదు. అప్పుడు ఒకటి రెండుసార్లు చెవికి ఏదో తేడాగానే తోచింది. కానీ మెట్లు చెప్పాక తన చెవి మాట ఎవరు వింటారు? తనే వినలేదు.

ఆ వారం చేసినవి పద్నాలుగు పేజీలు. అన్ని మాటలూ తప్పు కావు, అదే నరకం. మెట్టు మీద వాడి కాలు ఉన్నప్పటివి తప్పు, లేనప్పటివి ఒప్పు. వాడి కాలు ఎప్పుడుందో ఎవరికి గుర్తు?

బుధవారం ఉదయం ఎనిమిదింటికి బొంగరం మెట్ల దగ్గర నిలబడలేదు. సంచీలో రెండు జతలు కుక్కుకుని బస్టాండుకు వెళ్ళింది. ‘నేను వెళ్ళిపోతాను’ అనే మాట "పార్తిరే". మూడు ముక్కలు. ఆ పుస్తకంలో అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది అదే. టిక్కెట్ల కిటికీలో మనిషి అడిగాడు.

"ఎక్కడికమ్మా?"

"ముందు ఏది వెళ్తుంది?"

"ఎక్కడికెళ్ళాలో మీరు చెప్తే, ఏది వెళ్తుందో నేను చెప్తాను."

ఆమె చెప్పలేక పక్కకొచ్చి బెంచీ మీద కూర్చుంది. లేచి ఇంకో బెంచీ మీద కూర్చుంది. మంచినీళ్ళ సీసా కోసం సంచీలో చెయ్యి పెడితే ప్రూఫుల కట్ట తగిలింది. ఎప్పుడు పెట్టుకుందో తెలియదు. బయటికి తీసింది. నూట పన్నెండో పేజీ. "పార్ల్" మధ్యలో ఆ గీత పంటికింద రాయిలా ఉంది. వెళ్ళేముందు ఇదొక్కటీ కొట్టేసి వెళ్దామని పెన్ను తీసి కొట్టేసింది. దాని కింది మాట కూడా నోట్లో అనుకుని చూసింది. దానికీ ఒక ముక్క ఎక్కువైంది. కొట్టేసింది. దాని కిందిది సరిగ్గానే ఉంది. ఆ కిందిది మళ్ళీ తప్పు.

పక్కన కూర్చున్నావిడ, ఈ పిల్ల పెదాలు కదుపుతూ తనలో తను గొణుక్కోవడం చూసి, పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని అవతలి బెంచీకి మారింది. ఒక బస్సు వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడోదాని కండక్టరు "వస్తావా లేదా?" అని అరిచాడు. ఆమె వినలేదు. పద్నాలుగు పేజీలు అయ్యేసరికి పదకొండు దాటింది. మొత్తం ఎనభై మూడు దిద్దుబాట్లు. రెండు గంటలపాటు ఒకే బెంచీ మీద కూర్చుందని ఆమెకు తెలియదు.

అక్కణ్ణుంచి తిన్నగా మేష్టారి ఆఫీసుకు వెళ్ళింది.

చెవిటి మనిషి ముందు తప్పు ఒప్పుకోవడం కష్టం. ఏడుస్తూ ఒక్క ఊపున అనేసి పారిపోవడానికి లేదు. రాయాలి. అవతలి మనిషి కళ్ళజోడు సవరించుకుని తాపీగా చదువుతుంటే ఎదురుగా నిలబడాలి. ఆమె ఏడు చీటీలు రాసింది. టీచరమ్మ లేదని, పొట్లాల కాగితాల పుస్తకం గురించి, మెట్ల గురించి, గడియారాలాయన గురించి, తాడు బిగించుకునేవాడి కాలు గురించి. ఆరో చీటీలో ‘ఉదయం బస్టాండుకు వెళ్ళాను’ అని రాసింది. ఏడోదాంట్లో ‘క్షమించండి మేష్టారూ’ అని రాసి, అది మరీ చిన్నదైపోయిందని కింద ఒక గీత గీసింది.

మేష్టారు ఏడూ చదివాడు. వరసలో పేర్చి గాజుబిళ్ళ కింద పెట్టాడు. ఒక చీటీ తీసుకుని రాశాడు.

"మరి దగ్గు ఎవరిది?"

ఆమె చచ్చినంత సిగ్గుతో రాసింది. "ఎవరిదీ కాదు. ఊరికే పెట్టాను."

"మిరియాల పొడి?"

"పిన్ని చారులో వేసింది."

మేష్టారి మీసం కొంచెం కదిలింది. ప్రూఫులు దగ్గరికి లాక్కుని ఎనభై మూడు దిద్దుబాట్లూ ఒక్కొక్కటీ చూశాడు. చాలాసేపు పట్టింది. తరవాత రాశాడు. "ఇవి ఎక్కడ కూర్చుని దిద్దావు?"

"బస్టాండులో."

"అక్కడ మెట్లున్నాయా?"

ఆమె కాగితం అందుకుని "లేవు" అని రాసి, ఇదేం ప్రశ్న అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది. మేష్టారు ఆ కాగితాన్ని కూడా గాజుబిళ్ళ కింద పెట్టాడు. ఇంకో చీటీ మీద "రేపు మేడమ్‌ని మీ ఇంటికే తీసుకొస్తాను" అని రాసి, ఇక వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

గురువారం పదింటికి పబ్లిషర్ల మేడమ్ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, చేతిలో తోలు ఫైలు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. కింద ఇంటావిడ కుర్చీ వేసింది. పిన్ని గడపలో నిలబడింది. మేష్టారు ముందే రాసి తెచ్చిన చీటీ మేడమ్‌కి ఇచ్చాడు. టీచరమ్మ ఎప్పుడూ లేదని, ఈ అమ్మాయి మెట్ల దగ్గర నేర్చుకుందని అందులో ఉంది. మేడమ్ చదివి, గోడను పైనుంచి కిందిదాకా చూసి, "పాప" అంది. రెండు మెట్లు లేచాయి. కాలితో నొక్కి చూసి, పైదాకా ఎక్కి దిగొచ్చింది.

"మెట్లు బాగానే ఉన్నాయి. దాంట్లో నాకేం అభ్యంతరం లేదు" అంది. "కానీ మెట్లు సంతకం ఎలా పెడతాయమ్మా? నాకు మనిషి కావాలి. రేపెవరైనా ‘ఇది తప్పు’ అని ఉత్తరం రాస్తే జవాబు చెప్పే మనిషి. పైగా నువ్వు ఒకసారి అబద్ధమాడావు."

"ఆడాను మేడమ్."

"మరి నిన్నెలా నమ్మను?"

మేష్టారు వాళ్ళ పెదాల కేసే చూస్తున్నాడు. ప్రూఫుల కట్ట మేడమ్ చేతికిచ్చి, ఆ పద్నాలుగు పేజీల దగ్గర తెరిచి, ఎర్ర దిద్దుబాట్లు చూపించి, చీటీ రాశాడు. మేడమ్ పైకి చదివింది. "వీటిల్లో మీ ఇష్టమొచ్చిన పదిహేను ఎంచండి. అమ్మాయి వీధివైపు తిరిగి కూర్చుంటుంది. నేను మాట చెప్తాను. తను లెక్క చెప్తుంది. మెట్లు మీరు చూడండి."

"నువ్వు సరేనా?" అంది మేడమ్. "పదిహేనూ కుదరాలి. ఒక్కటి తప్పినా నేను వేరే మనిషిని చూసుకుంటాను."

బొంగరం తలూపింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, మాట చెప్పాలంటే మేష్టారు నోరు తెరవాలని. ఆ మాటలు సరిగ్గా పలకగలిగేవాళ్ళు ఇంకెవరూ లేరక్కడ. రెండేళ్ళుగా ఎవరూ వినని గొంతు.

ఇంటావిడ వీధి గుమ్మంలో నిలబడి, "ఎవరూ నోరు మెదపకండి! పై వాటాల వాళ్ళు అరగంట పైనే ఉండండి! ఒక్క మాట వినిపించిందంటే ఊరుకునేది లేదు!" అని వీధి చివరిదాకా వినిపించేట్టు అరిచింది. తరవాత నిజంగానే ఎవరూ మెదపలేదు.

మేష్టారు గొంతు సవరించుకున్నాడు. మొదటి మాట ఎంత పెద్దగా వచ్చిందంటే ఎదురింటి తీగ మీద కాకి లేచిపోయింది. "షాఁతే!"

"రెండు" అంది బొంగరం, రోడ్డు కేసి చూస్తూ.

"రెండు" అంది మేడమ్.

మేష్టారు ఎక్కాడు. ఎక్కితే గానీ మెట్లు లోపలికి పోవు. మళ్ళీ దిగి రెండో మాట. "దోర్మిరే!"

"మూడు."

"మూడు."

ఆయన గొంతు మొరటుగా ఉంది, ఎత్తుపల్లాలు కుదరడం లేదు, కానీ మాట మాత్రం చెక్కినట్టుంది. బొంగరం అంత దగ్గరగా, గరగరలు లేకుండా, ఆ భాష ఎప్పుడూ వినలేదు. నాలుగో మాట నుంచి ఆమెకు లెక్క చెప్పడం గుర్తు లేదు, వినడమే గుర్తుంది. పిరుదుల కింద మొదటి నాలుగు నిమిషాలు సూదులు గుచ్చిన కుర్చీ, తరవాత కుర్చీలా లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, అన్నీ కుదిరాయి. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. పదకొండో మాట ‘వాళ్ళు ఎదురు చూస్తున్నారు’.

"అతాఁద్!"

"రెండు" అంది బొంగరం.

మేడమ్ మళ్ళీ లెక్కపెట్టింది. కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మూడమ్మా" అంది చివరికి, మెల్లిగా.

"రెండే మేడమ్."

"నేను కళ్ళతో చూస్తున్నాను. మూడు మెట్లున్నాయి. కావాలంటే తిరిగి చూడు."

"చూడక్కర్లేదు. మాటకు రెండే. మూడోది మేష్టారి ఆయాసం. మాట అయ్యాక ‘హా’ అన్నారు. ముందు మాటకు కూడా అది గొంతు దాకా వచ్చి ఆగింది. ఆయన గుండె... పిన్నీ, మంచినీళ్ళు! ఆయన్ని ఎక్కనివ్వకండి!"

అప్పటికే కుర్చీ పడిపోయింది. బొంగరం మెట్ల దగ్గరుంది. మేష్టారు రెండు మెట్లెక్కి, మూడోదాని మీద కూలబడి ఉన్నాడు. ముఖం నిండా చెమట. తను పీల్చి వదిలింది తనకు వినపడదు గనక, అలిసిపోయానని కూడా ఆయనకు తెలియలేదు. తన ఆయాసం లేపిన మెట్టు మీదే తను కూర్చున్నాడు. అది ఆయన్ని మోస్తోంది.

పిన్ని నీళ్ళు తాగించింది. ఇంటావిడ విసనకర్ర తెచ్చింది. మేష్టారు చెయ్యి పైకెత్తి ఇంకా నాలుగున్నాయని వేళ్ళు చూపించాడు.

"వద్దు" అంది బొంగరం. ఆయనకు వినపడదని తెలిసీ గట్టిగా అంది. "ఇక ఎక్కొద్దు మేష్టారూ." మేడమ్ వైపు తిరిగింది. "పదకొండు దగ్గర ఆపేస్తాను మేడమ్. మీరు వేరే మనిషినే చూసుకోండి. దిద్దుబాట్లు మాత్రం అలాగే ఉంచండి, అవి సరైనవే. సంతకం ఎవరిదైనా నాకు ఫరవాలేదు."

చివరి మాట అబద్ధం. అది అక్కడ అందరికీ తెలిసింది.

మేడమ్ మెట్ల దగ్గరికి వచ్చింది. మేష్టారి ఊపిరి కుదుటపడేదాకా నిలబడింది. ఆ తరవాత ఆయన లేచి, పిన్ని భుజం పట్టుకుని కింద నేల మీద కాలు పెట్టాడు. మెట్లు మూడూ లోపలికి పోయాయి. మేడమ్ ప్రూఫుల్లోకి వంగి, అక్షరాల మీద వేలు పెట్టి, తనకు రాని మాటను కూడబలుక్కుంటూ చదివింది. "అ... టెం... డెంట్."

రెండు మెట్లు లేచాయి.

మేడమ్ వాటి కేసి కాసేపు చూసింది. తోలు ఫైలు తెరిచి కాగితం తీసింది. పెన్ను మూత తీసి బొంగరానికి ఇచ్చింది.

"ఇక్కడ. పూర్తి పేరు రాయి. పొడి అక్షరాలు చెల్లవు. ఉత్తరాలు వస్తే నీకే పంపుతాను, చెప్పలేదనొద్దు."

బొంగరం గోడకు కాగితం ఆనించి పూర్తి పేరు రాసింది. పిన్ని వెనక నుంచి తొంగి చూసి, "అయ్యో, నీ పేరు ఇంత బాగుంటుందని మర్చేపోయానే" అంది.

మేడమ్ వెళ్ళిపోయింది. మేష్టారు పిన్ని ఇచ్చిన టీ తాగాడు. కప్పు పక్కన పెట్టి, జేబులో చీటీల కోసం తడుముకుని, చెయ్యి బయటికి తీసేశాడు.

"రెండో భాగం ఉంది" అన్నాడు, వీధంతా వినిపించేట్టు. "నియమాలకు లొంగని క్రియలు. నాలుగు వందల పైనే. ఏడేళ్ళు పడుతుంది."

"ఏడేళ్ళా!" అంది పిన్ని. "ఇది ఏడు నిమిషాలు కూర్చుంటే మా ఇంట్లో గడియారం ఆగిందనుకుంటాం!"

మేష్టారికి వినపడలేదు. ఆయన బొంగరం ముఖంలోకే చూస్తున్నాడు. ఏడేళ్ళు. ముప్ఫై రెండు దగ్గరికి వస్తుంది. అరికాళ్ళలో పాత మంట భగ్గుమంది. రోడ్డు చివర ఒక బస్సు మలుపు తిరుగుతోంది, ఎక్కడిదో, బోర్డు కనపడ్డం లేదు. అది మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. అప్పుడు మేష్టారి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించింది. పనికి ఇప్పటికే ఆలస్యమైంది.

గుమ్మం దాటుతూ మేష్టారు ఆగి, మెట్ల వైపు తల తిప్పి ఒక మాట అన్నాడు. ‘మొదలుపెడదాం’ అని.

"కొమాఁసోఁ!"

వెనక మెట్లు లేస్తున్న చప్పుడైంది. బొంగరం అప్పటికే వీధిలో ఉంది. మూడు వేళ్ళు మేష్టారికి కనపడేలా ఎత్తి చూపించి, ఆయన నడకకు తగ్గట్టు తన నడక తగ్గించుకుంటూ, వెనక్కి తిరగకుండా ఆఫీసు వైపు సాగింది.